ఇంట్లో పగ్‌కి పని కల్పించడం ఎలా: ఇడ్లీ ప్లేటు నుంచి దాగుడుమూతల దాకా

తెలుగు ఊళ్లలో ఇప్పటికీ చాలామంది పగ్‌ని "హచ్ కుక్క" అనే అంటారు. 2003లో వచ్చిన ఆ ఫోన్ కంపెనీ ప్రకటనలో పిల్లాడు ఎక్కడికెళ్తే అక్కడికి వెంట నడిచిన బుజ్జి కుక్కని చూసి ముచ్చటపడి పగ్‌ని ఇంటికి తెచ్చుకున్నవాళ్లు ఎందరో. అందులో చూపించిన గుణం నిజమే. ఇది చైనాలో రాజకుటుంబాల ఒళ్లో పెరిగిన జాతి. వేటకీ కాపలాకీ కాకుండా మనిషి పక్కన ఉండడానికే దీన్ని పెంచారు. మీరు వంటింట్లోకి వెళ్తే అదీ వస్తుంది, స్నానానికి వెళ్తే తలుపు బయట కూర్చుంటుంది. ఆ ప్రకటనలో లేని సంగతి ఒకటుంది. ఆ చప్పిడి ముక్కుతో అది ఎక్కువసేపు పరిగెత్తలేదు, ఎండకి అస్సలు ఆగలేదు.

అందుకని చాలా ఇళ్లలో పగ్ జీవితం సోఫా, గిన్నె, మళ్లీ సోఫాగా మిగిలిపోతుంది. తింటుంది, పడుకుంటుంది, లావెక్కుతుంది. మధ్యలో చెప్పులు కొరికినా, కాలింగ్ బెల్ మోగితే ఆగకుండా మొరిగినా "అల్లరి ఎక్కువైంది" అని తిడతాం. నిజానికి దానికి ఏమీ తోచట్లేదు. పగ్ ముక్కు చిన్నదైనా వాసన పట్టడంలో మన ముక్కుకి అందనంత ఎత్తులో ఉంటుంది. ఆ ముక్కుకీ బుర్రకీ పని చెప్తే, ఒక్క పరుగు లేకుండా కూడా అది హాయిగా అలసిపోతుంది. అదీ మీ పక్కనే ఉండి చేసే పనైతే దానికి ఇంకా ఇష్టం. కింద చెప్పినవన్నీ అలాంటివే, దాదాపు అన్నీ ఇంట్లో ఉన్న సామానుతో అయిపోతాయి.

మొదలుపెట్టే ముందు

కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతూ నోట్లో, ముక్కులో ఉన్న తడిని ఆవిరి చేసుకుంటేనే దాని ఒంట్లో వేడి తగ్గుతుంది. పగ్‌కి ముక్కు పొడవే లేదు కాబట్టి ఆ ఏర్పాటు సగంలోనే ఆగిపోయింది. గాలి లాగడానికే కష్టపడుతుంది, ఆ కష్టంలో వేడి ఇంకా పెరుగుతుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఆవిరవడం కూడా తగ్గిపోతుంది. అందుకే రామగుండం ఎండలోనే కాదు, ఉక్కపోసే విశాఖ సాయంత్రం కూడా పగ్‌కి ప్రమాదమే. థర్మామీటర్ అంకె ఒక్కటే చూసి ధైర్యం తెచ్చుకోకండి.

ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి సుమారు 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. అది 41 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. ఆటలో మీరు గమనించాల్సిన గుర్తులు ఇవి: నాలుక వెడల్పుగా బయటికి వేలాడడం, చిగుళ్లు ఎర్రగా కందిపోవడం, జిగురుగా తీగలా లాలాజలం కారడం, మామూలు గుర్రు కాస్తా గరగరమనే గట్టి చప్పుడుగా మారడం. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా ఆట అక్కడితో ఆపాలి. నీడకి తీసుకెళ్లి, ఒంటి మీద మామూలు కుళాయి నీళ్లు పోసి, ఫ్యాన్ కింద ఉంచండి. తాగితే కొద్దికొద్దిగా నీళ్లివ్వండి. తడి టవల్ కప్పి వదిలేయకండి, అది వేడిని లోపలే ఆపేస్తుంది. ముందు చల్లబరచడం మొదలుపెట్టి, వెంటనే డాక్టర్ దగ్గరికి బయల్దేరండి.

రెండోది, మెడ బెల్టు మానేసి హార్నెస్ (మెడకి కాకుండా ఛాతీ చుట్టూ వేసే పట్టీ) వేయండి. మెడ బిగుసుకుంటే శ్వాసకే కాదు, ముందుకు పొడుచుకొచ్చిన ఆ కళ్లకీ ముప్పే. గట్టిగా లాగినా, మెడ పట్టుకుని ఎత్తినా పగ్ కన్ను గూట్లోంచి బయటికి వచ్చేసే ప్రమాదం ఉంది. కళ్ల కోసమే పుల్లలు, ముళ్లున్న మొక్కలు, గట్టి ప్లాస్టిక్ అంచులున్న బొమ్మలు దానికి అందనివ్వకండి.

గిన్నె పక్కన పెట్టండి

నన్నడిగితే అన్నిటికంటే ముందు మార్చాల్సింది ఇదే. గిన్నెలో పోస్తే పగ్ పూట తిండి నిమిషంలో ఊదేస్తుంది. ఆ తిండినే కాస్త వెతుక్కుని తినేలా చేస్తే పావుగంట పని దొరుకుతుంది. కొత్తగా ఏమీ పెట్టకండి, రోజూ ఇచ్చే కొలతలోంచే తీయండి.

ఇడ్లీ ప్లేటు దీనికి చక్కగా సరిపోతుంది. లోతు గిన్నెలో చప్పిడి మూతి కిందిదాకా అందదు, ముడతలన్నీ తిండితో నిండిపోతాయి. ఇడ్లీ గుంటలు లోతు తక్కువ కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

1. పాత స్టీలు ఇడ్లీ ప్లేటు ఒకటి దానికే కేటాయించండి. అంచులన్నీ వేలితో తడిమి చూడండి. ఎక్కడైనా గరుకుగా తగిలితే వాడొద్దు.
2. ప్లేటు కింద తడిపి పిండిన టవల్ వేయండి. లేకపోతే గచ్చు మీద జారుతూ మోగుతుంది, ఆ చప్పుడుకే కొన్ని పగ్‌లు దూరం జరుగుతాయి.
3. మొదట ఒక్కో గుంటలో నాలుగైదు డాగ్ ఫుడ్ గింజలు వేసి, ఏమీ మూయకుండా తిననివ్వండి. రెండు మూడు రోజులు ఇంతే.
4. అలవాటయ్యాక సగం గుంటల మీద టెన్నిస్ బంతులు పెట్టండి. మూతితో బంతిని తోస్తే కింద గింజలు కనిపిస్తాయని దానంతట అదే తెలుసుకోవాలి. మీరు తీసివ్వకండి.
5. తర్వాత అన్ని గుంటలకీ బంతులు పెట్టి, రెండు మూడింటి కింద ఏమీ వేయకుండా వదిలేయండి. ఇక్కడ ముక్కు పని మొదలవుతుంది. కొన్నాళ్లకి ఖాళీ గుంటల జోలికి పోకుండా, వాసన చూసి ముందుకి వెళ్లిపోతుంది.
6. తినడం అవగానే ప్లేటూ బంతులూ తీసేయండి. వదిలేస్తే బంతి పైనున్న నూగు కొరికి మింగుతుంది.

పగ్ మొదటిసారి బంతి ముందు కూర్చుని మీ మొహం చూస్తుంది. నుదుటి మీద ముడతలు ఇంకా దగ్గరకొస్తాయి, ఒక పాదం ఎత్తి బంతి మీద పెట్టి తీసేస్తుంది. ఆ చూపుకి కరిగిపోయి సాయం చేశారంటే అది నేర్చుకునేది ఒక్కటే: మిమ్మల్ని చూస్తే పని అయిపోతుందని. ఓ నిమిషం ఆగండి. అప్పటికీ రాకపోతే బంతిని కాస్త పక్కకి జరిపి గింజలు కనిపించేలా పెట్టండి, అంతే.

ఇదే పద్ధతిలో ఇంకొన్ని. పాత తుండుగుడ్డ పరిచి గింజలు చల్లి చాపలా చుట్టండి, విప్పుకుని తింటుంది. బాగా వచ్చాక చుట్టని వదులుగా ముడేయండి. అట్టపెట్టెలో నలిపిన కాగితాలు వేసి మధ్యలో గింజలు దాచండి. పెట్టెకున్న టేపు, స్టేపుల్ పిన్నులు ముందే పీకేయాలి, కాగితం మింగే అలవాటున్న పగ్ అయితే ఈ ఆట వద్దు. చదునైన పళ్లెంలో ఒక చెంచా పెరుగు పలచగా రాసి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి ఇవ్వండి. నాకడం కుక్కకి మనసు కుదుటపడే పని. ఉరుములప్పుడు, దీపావళి టపాసులప్పుడు ఇది బాగా పనికొస్తుంది.

తవ్వుకునే పెట్టె మాత్రం కాస్త జాగ్రత్తగా చేయాలి. ప్లాస్టిక్ టబ్‌లో పాత చీర ముక్కలు, బనియన్లు వేసి మధ్యలో దాని బొమ్మనో గింజలో పెడితే పగ్ తల దూర్చి తవ్వుకుంటుంది, చూడముచ్చటగా ఉంటుంది. కానీ మన బీరువాల్లో బట్టల మధ్య కలరా ఉండలు వేసే అలవాటుంది కదా. అవి కుక్కకి విషం. అలాంటి బట్టలు రెండుసార్లు ఉతికి, ఎండలో ఆరేసి, వాసన పూర్తిగా పోయాకే వాడండి. సేఫ్టీ పిన్నులు, గుండీలు, వేలాడే జరీ పోగులు కూడా కత్తిరించేయండి. పొడుగు దారం పేగుల్లో చిక్కుకుంటే ఆపరేషన్ దాకా వెళ్తుంది. దేవుడి గదిలో కర్పూరం కూడా ఇలాంటిదే, దానికి అందకుండా పైన పెట్టండి.

దాగుడుమూతలు, మూడు గ్లాసులు

పగ్‌కి మీరంటే ఉన్న పిచ్చిని వాడుకునే ఆట దాగుడుమూతలు. ఇంట్లో పిల్లలుంటే ఇది వాళ్లకి వదిలేయొచ్చు. ఒకరు దాన్ని హార్నెస్ పట్టుకుని కూర్చోపెట్టాలి, ఇంకొకరు పక్క గదిలో తలుపు వెనక నిలబడి ఒక్కసారి పేరు పెట్టి పిలవాలి. మొదట్లో కాలో చెయ్యో కనిపించేలా దాక్కోండి. దొరికినప్పుడు ఒక గింజ, బోలెడు మురిపెం. రెండు వారాలయ్యాక పిలవకుండా దాక్కోండి, వాసన పట్టి వస్తుంది. నాలుగైదు సార్లు చాలు. పిల్లలు సంబరంలో పరుగులు పెట్టిస్తారు, పెద్దవాళ్లు ఒకరు పక్కనుండి ఆపాలి. దాక్కునేవాళ్లు మంచం మీదకో సోఫా మీదకో ఎక్కొద్దని చెప్పండి. అది వెంట ఎక్కి దూకుతుంది. పగ్‌లకి మోకాలి చిప్ప పక్కకి జారడం, వెన్నుపూసల్లో లోపాలుండడం మామూలే కాబట్టి దూకుడు ఆటలు ఎంత తగ్గిస్తే అంత మంచిది.

మూడు స్టీలు గ్లాసుల ఆట ఇంకా తేలిక. దాని ఎదురుగా ఒక గ్లాసు కింద ఉడికించిన చికెన్ చిన్న ముక్క పెట్టి బోర్లించండి. మిగతా రెండూ ఖాళీగా బోర్లించండి. సరైన గ్లాసుని ముక్కుతో తాకితే ఎత్తి ముక్క ఇవ్వండి. అర్థమయ్యాక గ్లాసుల చోటు మార్చండి. ఈ ఆటలో పగ్ కదిలేది రెండడుగులే, ఏసీ గదిలో మధ్యాహ్నం మూడింటికైనా ఆడొచ్చు.

ఇంకొకటి, ఖర్చూ శ్రమా లేనిది. రైతుబజారు నుంచి వచ్చాక కూరల సంచి నేల మీద పెట్టి దాన్ని వాసన చూడనివ్వండి. కరివేపాకు, సొరకాయ, మట్టి అంటుకున్న క్యారెట్ ఒక్కొక్కటీ దగ్గర పెట్టండి. ఉల్లిపాయలు, వెల్లుల్లి, ద్రాక్ష మాత్రం ముందే తీసేయండి. ఈ మూడూ కుక్కకి విషం. కిస్మిస్, చాక్లెట్, చక్కెరకి బదులు జైలిటాల్ వేసిన చూయింగ్ గమ్ కూడా అంతే.

నడక

పగ్‌తో నడకంటే దూరం లెక్క కాదు. అది ఒక స్తంభం దగ్గర ఆగి వాసన చూస్తుంటే మనం "పద పద" అని లాగేస్తాం. ఆ స్తంభం దగ్గర ఏ కుక్క వచ్చిందో, ఎంతసేపైందో దానికి తెలుస్తోంది. ఆ సమాచారం కోసమే అది బయటికి వచ్చింది. కాస్త పొడుగు లీష్ తీసుకుని, వారంలో కొన్ని రోజులైనా ఎటు వెళ్లాలో దాన్నే తేల్చుకోనివ్వండి. ఇరవై నిమిషాల్లో నాలుగు ఇళ్లు దాటకపోయినా పర్వాలేదు.

ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్నే ఆరు లోపు ముగించండి. సాయంత్రం పొద్దు గుంకగానే బయల్దేరకండి, తారురోడ్డు, సిమెంటు అప్పటికీ సెగలు కక్కుతూనే ఉంటాయి. అరచేతి వెనక వైపు రోడ్డుకి ఆనించి ఏడు సెకన్లు ఉంచగలిగితేనే దాని పాదాలకీ సరే. మరీ ఎండలుంటే నడక మానేసి ఇంట్లో గ్లాసుల ఆట ఆడండి, దానికేం లోటు రాదు.

వీధికుక్కలున్న గల్లీల్లో టెన్షన్ అందరికీ ఉంటుంది. ఒక చిన్న సంగతి తెలిసుంటే మంచిది. పగ్ మొహంలో ముడతలు, గుర్రుగుర్రుమనే శ్వాస మిగతా కుక్కలకి సరిగ్గా అర్థం కావు, కొన్ని వాటిని బెదిరింపు అనుకుంటాయి. ఎదురుగా గుంపు కనిపిస్తే పగ్‌ని హడావిడిగా పైకెత్తకుండా, ముందే దారి మార్చుకోండి. స్నేహం చేయించాలంటే తెలిసినవాళ్ల నెమ్మదైన కుక్కతో, ఖాళీ స్థలంలో, పక్కపక్కన నడిపిస్తూ మొదలుపెట్టండి.

నేర్పించడం

పగ్ మొండిదని పేరు. తిండి మీద ఆశ దానికంటే ఎక్కువ, కాబట్టి నేర్పడం కష్టమేం కాదు. ఒకసారికి మూడు నుంచి ఐదు నిమిషాలు, రోజుకి రెండుసార్లు. గింజ పరిమాణం శనగబద్దంత ఉంటే చాలు.

ముందు ఇంట్లో అందరూ కూర్చుని మాటలు ఖాయం చేసుకోండి. అమ్మ "కూర్చో" అని, అబ్బాయి "సిట్" అని, నాన్న "డౌన్ రా" అని అంటుంటే అది ఎవరి మాట వినాలి? ఏ భాషైనా ఒకటే మాట, అందరిదీ ఒకటే.

మొదట చేతిని తాకడం నేర్పండి. అరచెయ్యి దాని ముక్కుకి జానెడు దూరంలో పెట్టండి. వాసన చూడడానికి ముక్కు ఆనించగానే "శభాష్" అని గింజ ఇవ్వండి. చెయ్యి క్రమంగా దూరం జరపండి. ఇది వస్తే దాన్ని లాగకుండా, ఎత్తకుండా ఎటు కావాలంటే అటు నడిపించొచ్చు. తర్వాత "వదిలెయ్". మూసిన పిడికిట్లో గింజ పెట్టుకుని, అది నాకినా గోకినా ఊరుకోండి. మూతి వెనక్కి తీసిన క్షణంలో రెండో చేత్తో వేరే గింజ ఇవ్వండి. కింద పడిన ద్రాక్షపండునో మాత్రనో వదిలేయించే మాట ఇది, తప్పక నేర్పండి.

మూడోది ముడతలు తుడిపించుకోవడం. గుడ్డ చూపించి గింజ, గుడ్డ చెంపకి తాకించి గింజ, ముడత లోపల ఒక్కసారి తుడిచి గింజ. ఒక్కో మెట్టుకీ రెండు రోజులు తీసుకోండి. ముక్కు మీది ముడతలో తడి నిలిచిపోతే పుండు పడుతుంది, రోజూ తుడిచి పొడిగా ఉంచాలి. బలవంతంగా పట్టుకుని తుడిస్తే రోజూ యుద్ధమే. ఇలా ఆటలా నేర్పితే గుడ్డ తీయగానే వచ్చి కూర్చుంటుంది.

వేసవిలో నీళ్లు

టబ్‌లో మడమలు మునిగేంత నీళ్లు పోసి, నాలుగు క్యారెట్ ముక్కలు వేసి బాల్కనీ నీడలో పెట్టండి. ముంచి తీసుకుని తింటుంది, కాళ్లూ చల్లబడతాయి. లోతు నీళ్లు వద్దు. పగ్‌కి తల బరువు, మూతి పొట్టి. ఈదేటప్పుడు ముక్కు నీళ్ల పైన నిలబెట్టుకోలేదు. ఆట అయ్యాక ముడతలు, చెవులు తుడవడం మర్చిపోకండి.

మీరు ఆఫీసుకి వెళ్తే

ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో అసలు కష్టం ఇక్కడే. మనిషి కోసమే పుట్టిన జాతికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా తాళం వేసిన ఇల్లు చాలా పెద్ద శిక్ష. కొత్తగా తెచ్చుకుంటే మొదటి వారాల్లోనే రెండు నిమిషాలు, ఐదు, పది, అరగంట అంటూ బయటికెళ్లి వచ్చి అలవాటు చేయండి. వెళ్లేటప్పుడు పెద్దగా వీడ్కోళ్లు వద్దు, రాగానే కేకలూ వద్దు. బయల్దేరే ముందు వాసన నడక, తర్వాత ఇడ్లీ ప్లేటు పూర్తయితే కాసేపట్లో నిద్రపోతుంది. పెద్ద పగ్‌లు రోజులో సగానికి పైగా నిద్రపోతాయి కాబట్టి ఆ నిద్రని మీరు లేని వేళకి జరపడమే ఉపాయం. ఒంటరిగా ఉన్నప్పుడు గుడ్డలు, అట్టపెట్టెలు, బంతులు ఏవీ వదలొద్దు. బాల్కనీలో అసలు ఉంచొద్దు. కరెంటు పోతే ఫ్యానో ఏసీయో ఆగకుండా ఏర్పాటు చూసుకోండి. మధ్యాహ్నం ఒకసారి పక్కింటి పిన్నిగారో, ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మో వచ్చి పావుగంట కూర్చుంటే, ఏ బొమ్మా అంత మేలు చేయదు.

బరువు

ఆటలన్నీ గింజలతో కాబట్టి ఇది చెప్పాల్సిందే. జాతి ప్రమాణం ప్రకారం పగ్ 6.3 నుంచి 8.1 కిలోలుండాలి. మన దగ్గర పది కిలోలు దాటినవి చాలానే కనిపిస్తాయి. కొవ్వు పెరిగితే గొంతు దగ్గరా పేరుకుని శ్వాసని ఇంకా ఇరుకు చేస్తుంది. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే నొక్కకుండానే తగలాలి. రోజు తిండిలో పది శాతానికి మించి అదనపు తాయిలాలు వద్దు. ఉప్పూ మసాలా లేని ఉడికిన గుమ్మడి, కీరా, గింజలు తీసిన పుచ్చకాయ ముక్క మంచివి. అతిథులు బిస్కెట్ పెడతామంటే ఆ రోజు గింజల్లోంచే నాలుగు వాళ్ల చేతికివ్వండి.

ఆటకి రాకపోతే

వయసు మళ్లిన పగ్‌కి చూపు, వినికిడి తగ్గుతాయి గానీ వాసన చాలాకాలం ఉంటుంది. బంతులు తీసేసి ఇడ్లీ ప్లేటు ఒక్కటే పెట్టండి, తుండుగుడ్డ చుట్టకుండా మడత మాత్రం వేయండి. కుర్రపగ్ కూడా రెండు రోజులు ఆటకి రాకపోతే బద్ధకం అనుకోకండి. కన్ను సగం మూస్తున్నా, నీళ్లు కారుతున్నా అదే రోజు డాక్టర్‌కి చూపించండి, పగ్ కంటి పుండు గంటల్లో ముదురుతుంది.

ఊరికే పడుకుని ఉన్నప్పుడు కూడా శ్వాసలో గట్టి చప్పుడు, నిద్రలో ఉలిక్కిపడి లేవడం, కూర్చునే నిద్రపోవడం, తిన్న వెంటనే నురగ కక్కడం ఉంటే, "పగ్‌లంతే" అని సరిపెట్టుకోవద్దు. ముక్కు రంధ్రాలు మరీ ఇరుగ్గా ఉన్నా, అంగిలి వెనక మెత్తటి భాగం పొడుగ్గా ఉన్నా సర్జరీతో సరిచేస్తారు. అది చిన్న వయసులో అయితేనే ఎక్కువ ఫలితం. దాని నిద్రనీ, నడిచొచ్చాక శ్వాసనీ ఫోన్‌లో వీడియో తీసి తీసుకెళ్లండి, క్లినిక్‌లో పరీక్ష బల్ల మీద ఆ చప్పుడు వినిపించకపోవచ్చు. చూపించేదేదో జనవరి, ఫిబ్రవరిలోనే చూపించండి, ఎండలు ముదిరాక మత్తుమందు ఇవ్వడమూ, కోలుకోవడమూ రెండూ కష్టమే.